తేలికపాటి వేట రైఫిల్ కట్టించుకుని భద్రంగా మోయడం ఎలా

కొండలెక్కి వేటాడే వాళ్ళకి రైఫిల్ బరువు గురించి ఒకరు చెప్పాల్సిన పని లేదు. మామూలు ఫ్యాక్టరీ రైఫిల్‌కి ఓ పెద్ద స్కోప్ బిగించి, పట్టీ తగిలించి, మ్యాగజైన్‌లో నాలుగు తూటాలు వేసి కాటా మీద పెడితే 4 కిలోలు దాటిపోతుంది, మధ్యాహ్నానికి ఆ నాలుగు కిలోలూ భుజం మీద పది కిలోల్లా అనిపిస్తాయి. భాగాలు విడివిడిగా చూసి ఎంచుకుంటే అదే పని చేసే రైఫిల్‌ని 3 కిలోల దగ్గరికి తేవచ్చు. ఇంకా దింపొచ్చు కూడా, కానీ నన్నడిగితే 3 దగ్గర ఆగండి. ఎందుకో కింద చెప్తాను.

ఇదంతా తుపాకీ లైసెన్సు, వేట అనుమతి రెండూ చట్టప్రకారం మీ దగ్గర ఉన్నాయనే లెక్కన రాస్తున్నాను. ఏ భాగం కొనాలన్నా ముందు మీరుండే చోటి రూల్స్ చూసుకోండి. అమెరికాలో రిసీవర్‌నే (బోల్ట్, ట్రిగ్గర్ అమరే లోహపు చట్రం) చట్టం తుపాకీగా లెక్కేస్తుంది, యూరప్ దేశాల్లో చాలా చోట్ల బ్యారెల్‌కీ (గొట్టం), బోల్ట్‌కీ (తూటాని లోపలికి తోసి మూసే కడ్డీ) కూడా లైసెన్సులో చోటుండాలి.

ముందు కాగితం మీద తూకం

డబ్బు ఖర్చు పెట్టకముందు చేయాల్సిన పని ఇదొక్కటే, చాలామంది వదిలేసేదీ ఇదే. గ్రాముల్లో చూపించే డిజిటల్ కాటా ఒకటి తీసుకుని, ఇప్పుడున్న రైఫిల్‌ని ఖాళీ చేసి, స్కోప్, మౌంట్లు, పట్టీ ఊడదీసి ఒక్కోటీ విడిగా తూచి రాసుకోండి. ఆ పక్కనే మీరు అనుకుంటున్న కొత్త రైఫిల్ లెక్క రాయండి. నా లెక్కలో 3 కిలోల రైఫిల్ సుమారుగా ఇలా ఉంటుంది: యాక్షన్ (బోల్ట్, రిసీవర్ కలిపి) 650 గ్రాములు, బ్యారెల్ ఒక కిలో, స్టాక్ (భుజానికి ఆనించే పిడి) 600, ట్రిగ్గర్, మ్యాగజైన్ అడుగు భాగం కలిపి 150, స్కోప్ 350, స్కోప్‌ని పట్టుకునే రింగులు 70, పట్టీ 80, నాలుగు తూటాలు 100. ఎక్కడో ఒకచోట 200 గ్రాములు ఎక్కువైతే ఇంకోచోట తగ్గించే దారి ఉందో లేదో ఈ కాగితమే చెప్తుంది. ప్రకటనల్లో రాసే బరువు దాదాపు ఎప్పుడూ స్కోప్, పట్టీ, తూటాలు లేకుండా ఒట్టి రైఫిల్‌దే, కాబట్టి దాన్ని చూసి మోసపోకండి. మీరు మోసేది మొత్తం బరువు.

తూటా ఎంపికే సగం పని

బరువు తగ్గిందంటే తన్ను పెరిగిందనే అర్థం, దీన్ని తప్పించుకునే దారి లేదు. ఒకే తూటా పేల్చినప్పుడు రైఫిల్ వెనక్కి తన్నే శక్తి దాని బరువుకి విలోమంగా మారుతుంది. ఉదాహరణకి .308 విన్‌చెస్టర్ అనే తూటా రకంలో 150 గ్రెయిన్ల (సుమారు 9.7 గ్రాములు) బుల్లెట్ తీసుకుంటే, 4 కిలోల రైఫిల్ సుమారు 20 జౌళ్ళతో తన్నుతుంది, 3 కిలోల రైఫిల్ 26 దాకా వెళ్తుంది. ఆ 3 కిలోల రైఫిల్‌లోనే .300 విన్‌చెస్టర్ మ్యాగ్నం వేశారా, లెక్క 50 జౌళ్ళ దగ్గర తేలుతుంది. దాన్ని భుజానికి ఆనించి ఇరవై సార్లు కాల్చి చూడండి, ఇరవై ఒకటోసారి ట్రిగ్గర్ నొక్కకముందే కళ్ళు మూసుకుంటారు. కనురెప్ప వేసే అలవాటు ఒకసారి పట్టుకుంటే పోగొట్టుకోవడం చాలా కష్టం, గాయపడి పారిపోయిన జంతువుల్లో చాలావాటి వెనక ఉండేది ఇదేనని నా నమ్మకం.

అందుకే తేలిక రైఫిల్‌కి మధ్యస్థం తూటాలే సరి. 6.5 క్రీడ్‌మోర్, 7ఎంఎం-08 రెమింగ్టన్, .308 విన్‌చెస్టర్, ఈ మూడింట్లో ఏదైనా జింక జాతి జంతువులకి చక్కగా సరిపోతుంది. 3 కిలోల రైఫిల్‌లో 6.5 క్రీడ్‌మోర్ తన్నడం అటూ ఇటూగా 4 కిలోల .308 తన్నినట్టే ఉంటుంది, అంటే కిలో తగ్గించుకుని కూడా భుజానికి కొత్తగా కష్టం ఏమీ ఇవ్వలేదన్నమాట. ఈ మూడూ పొట్టి యాక్షన్‌లో పట్టేస్తాయి, అక్కడ కూడా కొంత బరువు కలిసొస్తుంది.

మూతికి మజిల్ బ్రేక్ (గ్యాసుని పక్కలకి మళ్ళించే తొడుగు) పెడితే తన్ను తగ్గుతుంది కదా అంటారు. తగ్గుతుంది, కానీ మోత మీ చెవుల మీదికి, పక్కనున్న వాడి చెవుల మీదికి వస్తుంది. ఇలాంటి వేట రైఫిల్ మోత మామూలుగానే 160 డెసిబెల్స్ దాటుతుంది, చెవికి ఒక్క దెబ్బతో నష్టం జరగడానికి 140 చాలు. అడవిలో చెవులకి మఫ్స్ లేకుండా బ్రేక్ ఉన్న రైఫిల్ కాల్చే ఆలోచన ఉంటే మానుకోండి. సప్రెసర్ (మోత తగ్గించే గొట్టం) చట్టబద్ధమైన చోట అదే మేలు, తన్నూ తగ్గుతుంది, మోతా తగ్గుతుంది, ముందు వైపు ఓ 300 గ్రాములు పెరిగినా నాకు అభ్యంతరం లేదు.

యాక్షన్, బ్యారెల్

యాక్షన్ అంటే బోల్ట్, రిసీవర్ కలిపిన గుండెకాయ భాగం. స్టీల్ యాక్షన్ కంటే టైటానియం యాక్షన్ 200 నుంచి 300 గ్రాములు తక్కువ తూగుతుంది, ధర మాత్రం బాగా ఎక్కువ. డబ్బు పరిమితంగా ఉంటే మంచి పొట్టి స్టీల్ యాక్షన్ ఒకటి తీసుకుని మిగతా చోట్ల తగ్గించండి. రెమింగ్టన్ 700 అనే రైఫిల్ మోడల్ కొలతలకి సరిపోయే యాక్షన్ అయితే స్టాక్, ట్రిగ్గర్, మౌంట్లు ఎక్కడైనా దొరుకుతాయి, తర్వాత తలనొప్పి ఉండదు.

బ్యారెల్ దగ్గర ఒక అపోహ ఉంది. కార్బన్ ఫైబర్ చుట్టిన బ్యారెల్ అంటే తేలికని అందరూ అనుకుంటారు. లావుపాటి స్టీల్ బ్యారెల్‌తో పోలిస్తే నిజమే, కానీ సన్నటి వేట బ్యారెల్‌తో పోలిస్తే చాలాసార్లు సమానంగానో కాస్త ఎక్కువగానో తూగుతుంది. అది గట్టిగా ఉంటుంది, చివర సప్రెసర్ బిగించడానికి వాటం, అందుకు కొంటే సరే. బరువు కోసమే అయితే సన్నటి స్టీల్ బ్యారెల్ సగం ఖర్చు కూడా లేకుండా ఆ పని చేసేస్తుంది. పొడవు 20 నుంచి 22 అంగుళాలు చాలు. అంగుళం తగ్గిస్తే బుల్లెట్ వేగంలో పోయేది సుమారుగా సెకనుకి 7, 8 మీటర్లు, వేట దూరాల్లో అది లెక్కలోకి రాదు. 18 కంటే కిందికి మాత్రం పోవద్దు, మోతా మంటా పెరిగిపోతాయి, పైగా మూతి వైపు బరువు పూర్తిగా పోయి రైఫిల్ గాల్లో ఊగుతుంది.

3 కిలోల దగ్గర ఆగమన్నది ఇందుకే. రైఫిల్‌ని నిలబడి కాల్చేటప్పుడు గురిని నిలకడగా ఉంచేది ముందున్న ఆ కాస్త బరువే. 2.3 కిలోల రైఫిల్‌ని కొండెక్కి రొప్పుతూ భుజానికెత్తితే స్కోప్‌లోని గురి గీత (క్రాస్‌హెయిర్) జంతువు మీద నిలవదు, మీ గుండె కొట్టుకున్నప్పుడల్లా ఎగురుతుంది. బ్యారెల్ నుంచి మరీ ఎక్కువ కోయకండి. రైఫిల్‌ని ముందు వైపు యాక్షన్ స్క్రూ దగ్గర వేలి మీద నిలబెడితే సమంగా నిలవాలి, లేదా మూతి వైపు కొద్దిగా వాలాలి.

స్టాక్

ఇక్కడ బరువు తగ్గించడం వల్ల గురికి నష్టం ఏమీ లేదు. వాల్‌నట్ కర్ర స్టాక్ అందంగా ఉంటుంది కానీ కిలో దాకా తూగుతుంది, తేమకి ఉబ్బి బ్యారెల్‌కి ఆనుకుంటుంది. చవక ప్లాస్టిక్ స్టాకులూ తేలికేమీ కాదు, పైగా వంగుతాయి. కార్బన్ ఫైబర్ స్టాక్ 500 నుంచి 650 గ్రాముల్లో వస్తుంది, గట్టిగా ఉంటుంది. 1980 దశకంలో వెస్ట్ వర్జీనియాలో మెల్విన్ ఫోర్బ్స్ అనే ఆయన అల్ట్రా లైట్ ఆర్మ్స్ పేరుతో స్కోప్ లేకుండా 5 పౌండ్ల దగ్గర తూగే రైఫిళ్ళు తయారు చేసి అందరినీ ఆశ్చర్యపరిచారు. ఆయన కిటుకు సగం ఈ స్టాక్‌లోనే ఉంది. కెవ్లార్, గ్రాఫైట్‌తో చేసిన గట్టి స్టాక్‌లో బ్యారెల్‌ని పొడవునా ఆనించేవారు. మిగతా లోకమంతా బ్యారెల్ దేనికీ తగలకూడదంటుంటే ఆయన తిరగేసి చేశారు, అయినా గురి కుదిరింది, ఎందుకంటే ఆ స్టాక్ వంగేది కాదు. మీరు మాత్రం గన్‌స్మిత్ (తుపాకులు కట్టి బాగుచేసేవాడు) వేరే చెప్తే తప్ప ఫ్రీ ఫ్లోట్‌కే, అంటే బ్యారెల్ స్టాక్‌కి తగలని పద్ధతికే వెళ్ళండి. బ్యారెల్‌కీ స్టాక్‌కీ మధ్య ఓ కాగితం దూర్చి వెనక్కి లాగితే యాక్షన్ దాకా ఎక్కడా పట్టుకోకుండా జారాలి.

భుజానికి ఆనే చోట మంచి రబ్బరు ప్యాడ్ వేయించుకోండి. దాని బరువు గురించి పిసినారితనం వద్దు.

స్కోప్, రింగులు

తక్కువ ఖర్చుతో ఎక్కువ బరువు పోయేది ఇక్కడే. 800 గ్రాముల పెద్ద స్కోప్ తీసేసి 350 గ్రాముల, 2-7 లేదా 3-9 రెట్లు పెద్దగా చూపే స్కోప్ పెడితే, టైటానియం యాక్షన్ కొన్నదానికంటే ఎక్కువ తగ్గిపోయింది, అదీ రైఫిల్ పైభాగంలో. స్టీల్ రెయిల్, స్టీల్ రింగుల బదులు బేస్, రింగు ఒకే ముక్కగా వచ్చే అల్యూమినియం మౌంట్లు వాడండి, ఇంకో 150 గ్రాములు పోతాయి. బిగించేటప్పుడు చేతి అంచనాతో కాకుండా టార్క్ రెంచ్ (బిగువు కొలిచే పానా) వాడండి. రింగుల పై స్క్రూలకి మామూలుగా 2 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల సరిపోతుంది, మౌంట్ తయారు చేసిన వాళ్ళు ఇచ్చిన అంకె వేరైతే దాన్నే పట్టుకోండి. అతిగా బిగిస్తే స్కోప్ గొట్టం నొక్కుకుపోతుంది.

ట్రిగ్గర్

ట్రిగ్గర్ మీద మాత్రం తేలిక పిచ్చి వద్దు. 1.1 నుంచి 1.4 కిలోల లాగుడు ఉంచుకోండి. చలికి మొద్దుబారిన వేలితో, గ్లవ్ తొడుక్కుని అర కిలో ట్రిగ్గర్ మీద వేలు పెడితే మీరు అనుకోకముందే పేలుతుంది. సేఫ్టీ (పేలకుండా ఆపే మీట) కూడా ఒక యంత్రం ముక్కేనని గుర్తుంచుకోండి. 2014లో రెమింగ్టన్ కంపెనీ తన ఎక్స్ మార్క్ ప్రో ట్రిగ్గర్ ఉన్న 700, సెవెన్ మోడల్ రైఫిళ్ళని, కొన్నిటిలో ట్రిగ్గర్ లాగకుండానే పేలే ప్రమాదం ఉందని వెనక్కి పిలిచింది. సెకండ్ హ్యాండ్ యాక్షన్ కొంటుంటే అందులో ఏ ట్రిగ్గర్ ఉందో అడగండి.

దొరికితే మూడు స్థానాల సేఫ్టీ తీసుకోండి. విన్‌చెస్టర్ మోడల్ 70 మీద ఉండేది అదే. పూర్తిగా వెనక్కి వేస్తే బోల్ట్ తాళం పడుతుంది, మధ్యలో పెడితే ట్రిగ్గర్ పని చేయదు కానీ బోల్ట్ తెరిచి తూటా తీసేయొచ్చు, మోసుకుని తిరగడానికి ఇంతకంటే మంచిది లేదు. 1982 తర్వాత వచ్చిన రెమింగ్టన్ 700లలో సేఫ్టీ వేసి ఉన్నా బోల్ట్ లేస్తుంది. ఖాళీ చేయడానికి అది సౌకర్యమే, కానీ పొదల్లోంచి వెళ్తుంటే కొమ్మ తగులుకుని బోల్ట్ హ్యాండిల్ పైకి లేచిపోతుంది. అలాంటి రైఫిల్ ఉన్నవాళ్ళు నడుస్తూ అప్పుడప్పుడూ హ్యాండిల్‌ని అరచేత్తో తడిమి చూసుకోవాలి.

కట్టడం గన్‌స్మిత్ పని

యాక్షన్‌కి బ్యారెల్ బిగించి హెడ్‌స్పేస్ (బోల్ట్ మూశాక తూటా కూర్చోవడానికి ఉండే ఖాళీ) సరిచూడటం ఇంట్లో చేసుకునే పని కాదు. ఆ ఖాళీ కొద్దిగా తేడా వచ్చినా తూటా కేస్ చీలి వేడి గ్యాసు మీ మొహం మీదికి వస్తుంది. లైసెన్సు ఉన్న గన్‌స్మిత్‌కి ఇవ్వండి, గేజ్‌లు పెట్టి చూశారా అని అడగండి, అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు. బ్రిటన్, జర్మనీ లాంటి దేశాల్లో కొత్త బ్యారెల్‌కి ప్రూఫ్ టెస్ట్ (ఎక్కువ ఒత్తిడితో కాల్చి చూసే పరీక్ష) ముద్ర కూడా పడాలి.

రైఫిల్ ఇంటికొచ్చాక మీరు చేయాల్సిన పరీక్ష ఒకటుంది. తూటాలన్నీ వేరే గదిలో పెట్టండి. చాంబర్‌లో (బ్యారెల్‌లో తూటా కూర్చునే చోటు) వేలు పెట్టి, మ్యాగజైన్‌లో వేలు పెట్టి ఖాళీ అని చూసుకోండి. మూతిని భద్రమైన వైపు ఉంచి బోల్ట్‌ని గట్టిగా, విసురుగా మూయండి, ఫైరింగ్ పిన్ (తూటాని కొట్టి పేల్చే సూది) దిగకూడదు. సేఫ్టీ వేసి ట్రిగ్గర్ గట్టిగా లాగండి, వదిలేయండి, ఇప్పుడు ట్రిగ్గర్ ముట్టుకోకుండా సేఫ్టీ తీయండి, అప్పుడు కూడా దిగకూడదు. రబ్బరు సుత్తితో స్టాక్ మీద, యాక్షన్ పక్కన తట్టండి. వీటిలో ఒక్కసారి టక్కుమని శబ్దం వచ్చినా, ఎంత ముచ్చటపడి కట్టించుకున్నా సరే, రైఫిల్ వెనక్కి వెళ్ళాల్సిందే.

రేంజ్‌లో

సన్నటి బ్యారెల్ త్వరగా వేడెక్కి గురి పక్కకి జరుపుతుంది. మూడు కాల్చి బోల్ట్ తెరిచి, చేత్తో పట్టుకుంటే చల్లగా తగిలే దాకా ఆపండి. వేటలో మీకు కావలసింది చల్లటి బ్యారెల్ నుంచి వచ్చే మొదటి తూటా ఎక్కడ పడుతుందనేది, కాబట్టి వేర్వేరు రోజుల్లో మొదటి తూటాలు ఒకే కాగితం మీద కాల్చి ఆ గుత్తి చూడండి. ఇంకో సంగతి, తేలిక రైఫిల్‌ని బస్తా మీద ఒట్టిగా వదిలి కాల్చొద్దు, ఎగిరి తూటాలు పడే గుత్తి పైకి పోతుంది. ముందు భాగాన్ని ఎడం చేత్తో పట్టుకుని కిందికి కాస్త లాగి ఉంచండి, అడవిలో ఎలా పట్టుకుంటారో అలాగే.

మోయడం

బరువైన రైఫిల్ చేతిలో ఉన్నప్పుడు అది ఉందని మీకు ప్రతి క్షణం తెలుస్తుంది. తేలిక రైఫిల్ గొడుగులా అయిపోతుంది, ఒంటి చేత్తో పట్టుకుని వెనక్కి తిరిగి స్నేహితుడితో మాట్లాడతాం, మూతి వాడి మోకాళ్ళ మీదుగా, పొట్ట మీదుగా గీత గీసుకుంటూ పోతుంది. తేలిక రైఫిల్ కట్టించుకున్నవాళ్ళు మోయడంలో ఇంకాస్త కట్టుదిట్టంగా ఉండాలనేది ఇందుకే.

నా మొదటి రూల్: జంతువు కనబడే దాకా చాంబర్ ఖాళీ. మ్యాగజైన్ నింపండి, పై తూటాని బొటనవేలితో కిందికి నొక్కిపట్టి, బోల్ట్‌ని దాని మీదుగా నెమ్మదిగా ముందుకు జరిపి, వేలు తప్పించి మూయండి. మూసే ముందు వంగి చూడండి, చాంబర్‌లో ఇత్తడి మెరుపు కనబడకూడదు. జంతువు దగ్గర పడ్డాక బోల్ట్ లాగి తోయడానికి రెండు సెకన్లు పడుతుంది. ఆ రెండు సెకన్ల వల్ల వేట పోయిందనేవాళ్ళు ఉన్నారు, పోతే పోనివ్వండి.

రెండు చేతుల్తో పట్టుకుని మూతి ఏటవాలుగా పైకి ఉంచడం అన్నిటికంటే భద్రం, అదుపు మీ చేతిలోనే ఉంటుంది. ముగ్గురు పక్కపక్కన నడుస్తుంటే ఎడమవాడి మూతి ఎడమకి, కుడివాడి మూతి కుడికి, మధ్యవాడిది ముందుకో పైకో. ఒకరి వెనక ఒకరు నడుస్తుంటే ముందున్నవాడిది ముందుకి, చివరివాడిది వెనక్కి లేదా పక్కకి. రైఫిల్‌ని ఒక చేత్తో తొడ పక్కన వేలాడేసి మూతి ముందుకి పెట్టి నడవడం ముందు మనిషి లేనప్పుడు మాత్రమే.

పట్టీతో భుజానికి వేసుకుంటే చేతులు ఖాళీ అవుతాయి, కానీ వంగి షూ లేసు కట్టుకున్నారనుకోండి, మూతి నేరుగా ఎదుటివాడి మొహానికి తిరుగుతుంది. వంగే ముందు రైఫిల్ దించండి. పట్టీ తగిలే స్టడ్‌లని ప్రతి ట్రిప్ ముందు చేత్తో తిప్పి చూడండి, సన్నటి కార్బన్ స్టాకుల్లో అవి వదులైతే రైఫిల్ జారి రాళ్ళ మీద పడుతుంది. బ్యాగుకి కట్టుకునే పద్ధతి నిటారు కొండలెక్కేటప్పుడు మంచిదే, అప్పుడు చాంబర్ ఖాళీ అన్నది చర్చకి రాకూడదు, ఎందుకంటే మీ వీపు వెనక ట్రిగ్గర్‌కి ఏం తగులుకుంటోందో మీకు కనబడదు.

కంచె దాటేటప్పుడు బోల్ట్ తెరిచి, తూటాలు తీసి, రైఫిల్‌ని కంచె కింద నుంచి అవతలికి నేల మీద పడుకోబెట్టి జరపండి. మూతి మీరు దాటే చోటికి దూరంగా, అవతల వైపుకి ఉండాలి. ఇప్పుడు రెండడుగులు పక్కకి జరిగి, రైఫిల్ వెనక భాగం వైపు దాటండి. దాటాక మూతి పట్టుకుని మీ వైపు లాక్కోవద్దు, చాలా ప్రమాదాలు జరిగేది సరిగ్గా ఆ లాగడంలోనే. వాగు దాటినా, జారుడు బండలెక్కినా ఇదే వరస. చెట్టు మీది మంచె ఎక్కేటప్పుడు రైఫిల్‌ని భుజాన వేసుకుని ఎక్కొద్దు, ఖాళీ చేసి తాడు కట్టి, మూతి కిందికి ఉండేలా, మీరు పైకెక్కి కూర్చున్నాక లాక్కోండి.

మూతికి ఒక చుట్టు ఎలక్ట్రికల్ టేప్ వేసుకోండి. వాన, మంచు, మట్టి లోపలికి పోవు, కాల్చేటప్పుడు బుల్లెట్ ముందున్న గాలే టేప్‌ని చీల్చేస్తుంది కాబట్టి గురి మారదు. కిందపడితే మాత్రం టేప్ ఉందిగా అని ఊరుకోకూడదు. తూటాలు తీసి, బోల్ట్ పూర్తిగా బయటికి లాగి, వెనక నుంచి గొట్టంలోకి చూడండి, అటు చివర గుండ్రటి వెలుతురు కనబడాలి. లోపల వేలెడు మంచు ఇరుక్కున్నా బ్యారెల్ పగలడానికి చాలు. ఆ తర్వాత స్కోప్ రింగులు తడిమి చూసి, వీలైన చోట ఒక తూటా కాల్చి జీరో (గురిపెట్టిన చోటే తూటా పడుతోందా అన్నది) సరిచూసుకోకుండా జంతువు మీద గురిపెట్టకండి.

ట్రిగ్గర్ నొక్కితే టక్కుమని పేలకపోతే, మూతి అటే ఉంచి కనీసం నిమిషం ఆగి అప్పుడు బోల్ట్ తెరవండి, కొన్ని తూటాలు ఆలస్యంగా అంటుకుంటాయి.

బండెక్కే ముందు చాంబర్, మ్యాగజైన్ రెండూ ఖాళీ చేసి, బోల్ట్ తీసి, రైఫిల్ కేసులో, తూటాలు వేరే పెట్టెలో పెట్టండి. చలిలోంచి వెచ్చటి గదిలోకి తెచ్చినప్పుడు కేసు వెంటనే తెరిస్తే ఇనుమంతా చెమట పట్టినట్టు తడిసిపోతుంది. రెండు మూడు గంటలు కేసులోనే వదిలి, తర్వాత తుడిచి బోల్ట్‌కి పలచగా నూనె రాయండి. ఎక్కువ రాస్తే మళ్ళీ చలిలో అది గడ్డకట్టి ఫైరింగ్ పిన్ నీరసంగా కదులుతుంది.